క్యాను, గొట్టం, గాలి

పొలం గట్టున ఆయిల్ ఇంజనుకు డీజిలు పోసేటప్పుడూ, కరెంటు పోయిన పెళ్ళిపందిట్లో జనరేటరు ట్యాంకు నింపేటప్పుడూ, వేకువన వేటకు బయలుదేరే పడవలో ఇంజనుకు ఇంధనం అందించేటప్పుడూ జరిగే పని ఒక్కటే: క్యానులో నిలవ ఉన్న ద్రవం ఒక గొట్టం వెంట సాగి మరొక పాత్రలోకి చేరుతుంది. ఈ మాత్రానికి గరాటు చాలునని కొందరు భావిస్తారు, గొట్టం చివరను నోట పెట్టుకుని పీల్చి ధారను మొదలుపెట్టడం మరికొందరికి అలవాటు. ఈ రెండు పద్ధతులకూ బదులుగా వచ్చినదే చిన్న చేతిపంపు. అది ద్రవాన్ని తరలించే సాధనమే అయినా, దాని పనితీరును పరిశీలించినకొద్దీ గాలి ప్రస్తావనే ఎక్కువగా వస్తుంది. ద్రవాన్ని గొట్టంలోకి ఎక్కించేది గాలి బరువే. ద్రవం ఖాళీ చేసిన చోటికి గాలి చేరకపోతే ధార ఆగిపోతుంది. ఆ గాలిలో ఇంధనపు ఆవిరి ఏ పాళ్ళలో కలిసిందన్న దానిమీద ప్రమాదం ఆధారపడుతుంది.

పంపు ద్రవాన్ని లాగుతుందని వాడుకలో అంటారు గాని, ద్రవానికి పట్టి లాగడానికి వీలైన కొస ఏదీ లేదు. పంపు చేసేదల్లా గొట్టంలోని గాలిని కొంత తొలగించి అక్కడి ఒత్తిడిని తగ్గించడమే. అప్పుడు క్యానులోని ద్రవం ఉపరితలం మీద బయటి వాతావరణం మోపిన బరువు ఆ ద్రవాన్ని గొట్టంలోకి తోస్తుంది. బావులలో అమర్చిన పీల్చు పంపులు సుమారు 10 మీటర్లకు మించి నీటిని ఎక్కించలేకపోవడాన్ని గెలీలియో 1638లో వెలువడిన తన గ్రంథంలో చర్చించాడు గాని, దానికి సరియైన కారణం చూపలేకపోయాడు. ఆయన శిష్యుడు టారిచెల్లి 1643లో పాదరసపు గొట్టంతో చేయించిన ప్రయోగం ఆ చిక్కుముడిని విప్పింది: వాతావరణపు బరువు 760 మిల్లీమీటర్ల పాదరసపు నిలువును, అంటే దాదాపు 10.3 మీటర్ల నీటి నిలువును మాత్రమే మోయగలదు. నీటికంటె తేలికైన డీజిలు విషయంలో ఈ లెక్క 12 మీటర్లకు పైగా వస్తుంది. పెట్రోలు ఇంకా తేలిక కనుక అది మరింత ఎత్తుకు ఎక్కాలని తోచవచ్చును, కాని జరిగేది అందుకు విరుద్ధం. ప్రతి ద్రవమూ తన ఆవిరితో కొంత ఒత్తిడిని కలుగజేస్తుంది. దీనినే బాష్పపీడనం అంటారు. సుమారు 38 డిగ్రీల వేడిలో పెట్రోలు బాష్పపీడనం వాతావరణ పీడనంలో సగానికి అటూ ఇటూగా ఉంటుంది కనుక, గొట్టంలో ఒత్తిడి ఆ మేరకు తగ్గగానే పెట్రోలు అక్కడికక్కడే మరిగి బుడగలుగా మారుతుంది. మెకానిక్కులు ఎయిర్ లాక్ అని పిలిచే ఇబ్బందికి ఇటువంటి బుడగలే ఒక కారణం. క్యానుకూ ట్యాంకుకూ మధ్య ఒకటి రెండు మీటర్ల ఎత్తు మాత్రమే ఉండే చిన్న పనులలో ఈ పరిమితి సాధారణంగా అడ్డురాదు. అయినా మండుటెండలో సన్నని పొడవాటి గొట్టంతో పెట్రోలును తోడబోయినవారికి పంపు ఉత్తుత్తిగా ఆడడం అనుభవంలోకి వస్తుంది.

చేతిపంపులలో ఎక్కువ వాడుకలో ఉన్నది ఉబ్బు పంపు. రబ్బరుతోనో మెత్తని ప్లాస్టిక్కుతోనో చేసిన ఒక ఉబ్బు, దాని కింద క్యానులోకి దిగే గట్టి గొట్టం, పక్కన వంగే మెత్తని గొట్టం, లోపల రెండు కవాటాలు దాని అంగాలు. కవాటం అంటే ద్రవాన్ని ఒక దిక్కుకు మాత్రమే పోనిచ్చి వెనకకు రానివ్వని చిన్న తలుపు. పంపుసెట్ల రైతులు ఫుట్‌వాల్వు అనేది కూడా ఇదే జాతికి చెందినది. ఉబ్బును నొక్కినప్పుడు పక్క గొట్టం వైపు తలుపు తెరుచుకుని లోపలిది బయటికి పోతుంది, వదిలినప్పుడు ఆ తలుపు మూసుకుని క్యాను వైపు తలుపు తెరుచుకుంటుంది. ఎదురెదురుగా పనిచేసే ఈ జంట తలుపుల ఉపాయం కొత్తది కాదు. క్రీస్తుకు పూర్వం మూడవ శతాబ్దిలో అలెగ్జాండ్రియా నగరంలో నివసించిన టెసీబియస్ చేసిన నీటి పంపులో కవాటాలు ఇదే విధంగా అమరి ఉండేవని రోమను గ్రంథకర్త విట్రూవియస్ వర్ణన వల్ల తెలుస్తున్నది.

ఉబ్బును నాలుగైదు సార్లు నొక్కి గొట్టం ద్రవంతో నిండిన తరువాత, తీసుకునే పాత్ర క్యానుకంటె దిగువన ఉంటే, ఇక నొక్కవలసిన అవసరం ఉండదు. అప్పటినుంచి పనిచేసేది సైఫన్. గొట్టం రెండు కాళ్ళలో బయటి కాలు పొడవుగా ఉండడం వల్ల ఆ వైపు ద్రవపు బరువు ఎక్కువై, పైనుంచి ద్రవం దానికదే జారి ప్రవహించే ఏర్పాటును సైఫన్ అంటారు. దీని వేగాన్ని లెక్కగట్టడం కష్టమేమీ కాదు: క్యానులోని ద్రవమట్టానికీ గొట్టం బయటి చివరకూ మధ్య అర మీటరు తేడా ఉంటే, రాపిడి ఏదీ లేదనుకున్నప్పుడు ధార సెకనుకు మూడు మీటర్ల పైచిలుకు వేగంతో సాగుతుంది. గొట్టం లోపలి వెడల్పు 10 మిల్లీమీటర్లయితే ఆ వేగానికి సెకనుకు పావు లీటరు రావలసి ఉన్నా, గొట్టం గోడల రాపిడి, కవాటాల ఇరుకు కలిసి దానిని సగానికి తగ్గిస్తాయి కనుక, 20 లీటర్ల క్యాను ఖాళీ కావడానికి రెండున్నర, మూడు నిమిషాలు పడుతుందని అంచనా వేయవచ్చు. క్యానులో మట్టం దిగినకొద్దీ ధార మందగిస్తుంది. గొట్టం వెడల్పును రెట్టింపు చేస్తే ధార నాలుగింతలకు పైగా పెరుగుతుంది గనుక, పని వేగంగా సాగాలంటే పిడికిలి బలంకంటె గొట్టం లావుకే ప్రాధాన్యమివ్వాలి.

సైఫన్‌లో ఒక సుగుణమూ ఒక దుర్గుణమూ ఒకే చోట ఉన్నాయి: మొదలైన ధార దానికదే ఆగదు. ట్యాంకు నిండిందని చివరి క్షణంలో గుర్తించినవారు గొట్టాన్ని గబుక్కున పైకి లాగి చేతులమీద, నేలమీద ఇంధనం చిమ్ముకునేది ఇందువల్లనే. ఉబ్బు పంపుల తలమీద కనిపించే చిన్న మర ఈ సమస్య కోసమే పుట్టింది. దానిని ఒక చుట్టు విప్పితే గొట్టం శిఖరభాగంలోకి గాలి చొరబడి, ద్రవపు నిలువు రెండుగా తెగి, అటుది అటు ఇటుది ఇటు జారిపోతుంది. ఆ మర ఎందుకున్నదో తెలియక దానిని మొదటి రోజే గట్టిగా బిగించి మరచిపోయేవారు తక్కువేమీ కాదు. చలికాలంలో ఇళ్ళను కిరసనాయిలు హీటర్లతో వెచ్చబరచుకునే జపానులో ఈ రకం పంపు ఇంటింటా కనిపిస్తుంది. అక్కడి కిరసనాయిలు క్యాను 18 లీటర్లది, ప్లాస్టిక్కుతో చేసినది. తోక్యో ప్రాంతంలో ఎర్రరంగుది, ఒసాకా ప్రాంతంలో నీలిరంగుది ఎక్కువగా వాడతారు. ఆ క్యానులో పెట్రోలు పోయడానికి మాత్రం అక్కడి చట్టం ఒప్పుకోదు.

తెలుగునాట ఉబ్బు పంపుకు ముందుతరం బంధువు కిరసనాయిలు దుకాణపు రేకు పంపు. ఆంధ్ర ప్రాంతంలో కిరసనాయిలని, తెలంగాణలో గ్యాస్ నూనె అని పిలిచే ఆ ద్రవాన్ని పీపాలోంచి కొలత పాత్రలోకి తోడడానికి, లోపల కడ్డీ చివర వాషరు బిగించిన పొడవాటి రేకు గొట్టాన్ని పీపాలోకి దించి, పైపిడిని కిందికీ పైకీ ఆడించేవారు. ఆ కడ్డీకి శాస్త్రగ్రంథాలలో ముషలకమని పేరు. వాషరు తోలుదైతే, ఎండిపోయినప్పుడు ముడుచుకుని అంచుల వెంట గాలిని వదిలేసి పంపును పనికిరాకుండా చేస్తుంది, నూనెలో నానితే మళ్ళీ ఉబ్బి గొట్టానికి ఒత్తుకుంటుంది; పంపు స్టవ్వులు వాడిన ఇళ్ళలో పెద్దవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. ఇక కిరసనాయిలు వచ్చిన నలుచదరపు రేకు డబ్బా, నూనె అయిపోయిన తరువాత కూడా నీళ్ళ కావడికీ, ధాన్యం కొలతకూ, చివరికి పూరింటి కప్పు చిల్లికీ ఉపయోగపడింది. ఇంధనంకంటె దాని పాత్రే ఎక్కువకాలం సేవ చేసిందనవచ్చు.

పాత్ర ప్రస్తావన వచ్చింది కనుక, ఇరవయ్యవ శతాబ్దపు అతి ప్రసిద్ధ ఇంధన పాత్ర అయిన జెర్రీ క్యానును విడిచిపెట్టడం కుదరదు. 1937 ప్రాంతంలో జర్మను సైన్యం కోసం రూపొందిన ఈ 20 లీటర్ల ఉక్కు క్యానుకు పైన మూడు పిడులు ఉంటాయి. నిండు క్యానును ఒకరు మోసేందుకు నడిమి పిడి, ఇద్దరు మోసేందుకు పక్క పిడులు పనికివస్తాయి, ఖాళీ క్యానులను ఒక్కొక్క చేత రెండేసి పట్టుకునే వీలు కూడా వాటివల్లనే కలిగింది. పక్కలమీద నొక్కిన గుణకారపు గుర్తు వంటి గాడి, లోపలి ద్రవం వేడికి వ్యాకోచించినప్పుడు రేకు కొద్దిగా సాగడానికి చోటిస్తుంది. అన్నింటికంటె తెలివైన అంగం మూతి లోపల దాగిన సన్నని గాలి గొట్టం. మామూలు డబ్బాను వంచినప్పుడు ద్రవం బయటికి వచ్చే దారిలోనే గాలి లోపలికి పోవలసి రావడంతో, రెండూ వంతులు వేసుకుని బుడుక్ బుడుక్ మంటూ ఇంధనాన్ని చిమ్ముతాయి. గాలికి వేరే దారి ఇచ్చినప్పుడు ధార నునుపుగా సాగుతుంది. రెండవ ప్రపంచయుద్ధంలో ఉత్తర ఆఫ్రికా ఎడారిలో పోరాడిన బ్రిటిషు సైన్యం తన పలుచని రేకు డబ్బాలు దారిపొడవునా కారిపోతూ ఉండగా, శత్రువు విడిచిపోయిన క్యానులను ఏరుకుని వాడుకుని, ఆపైన అదే నమూనాలో స్వయంగా తయారు చేసుకుంది. జర్మనులను బ్రిటిషు సైనికులు జెర్రీలని పిలవడం వల్ల క్యానుకు ఆ పేరు స్థిరపడింది.

పంపు వాడేటప్పుడు కూడా గాలిదారి నియమం అంతే కచ్చితంగా వర్తిస్తుంది. క్యాను మూతికి పంపు బిగుతుగా అమరి మరెక్కడా రంధ్రం లేకపోతే, కొన్ని లీటర్లు బయటికి పోయేసరికి లోపల ఒత్తిడి తగ్గి, ప్లాస్టిక్కు క్యాను పక్కలు లోపలికి నొక్కుకుపోతాయి, ఉబ్బు తిరిగి పైకి లేవదు. పంపు పాడైందని భ్రమించి విప్పదీసేవారు తాము చేయవలసినది మూత వదులు చేయడమేనని గ్రహించరు. దీనికి సరిగ్గా ఎదురైన పరిస్థితి మరింత ప్రమాదకరమైనది. పెట్రోలు ఉష్ణోగ్రత ప్రతి 10 డిగ్రీలకూ దాని పరిమాణం సుమారు ఒక శాతం పెరుగుతుంది, ఆవిరి ఒత్తిడి అంతకంటె ఎంతో వేగంగా పెరుగుతుంది. అందుచేత రెంటచింతల వంటి చోట వేసవి మధ్యాహ్నం ఎండలో నిలిపిన వాహనంలోని క్యాను, పైకి నిశ్చలంగా కనిపిస్తున్నా, లోపల బిగబట్టి ఉంటుంది. 2013 ఆగస్టు 15న జపానులోని ఫుకుచియామా పట్టణంలో నదీతీరాన బాణసంచా ఉత్సవం జరుగుతుండగా, జనరేటరు వేడిగాలి తగిలేచోట ఉంచిన పెట్రోలు క్యానును ఒక అంగడివద్ద తెరచినప్పుడు, లోపలి ఒత్తిడికి పెట్రోలు ఎగజిమ్మి అంటుకుని ముగ్గురు మరణించారు, యాభై మందికి పైగా గాయపడ్డారు. క్యానును ముందు నీడలో చల్లారనిచ్చి, గాలి మర ఉంటే దానిని మెల్లగా విప్పి, బుస్సుమనే శబ్దం పూర్తిగా ఆగిన తరువాతనే మూత తీసి పంపు దించడం ఇందుకే అవసరం. ఇంజను నడుస్తుండగా దాని పక్కన ఈ పని మొదలుపెట్టడం తెలిసి చేసే తప్పు.

ఇంధనం మండుతుందన్న మాటకు ఒక సవరణ ఉన్నది: మండేది ద్రవం కాదు, గాలితో కలిసిన దాని ఆవిరి. నిప్పురవ్వ తగిలితే అంటుకోవడానికి చాలినంత ఆవిరిని ఒక ద్రవం వదలడం మొదలుపెట్టే కనీస ఉష్ణోగ్రతను దాని ఫ్లాష్ పాయింట్ అంటారు. పెట్రోలుకు ఇది సున్నాకు దిగువన సుమారు 40 డిగ్రీలు. అంటే తెలుగునేలమీద అది అన్ని ఋతువులలోనూ అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. కిరసనాయిలుకూ డీజిలుకూ భారతీయ ప్రమాణాలు కనీసం 35 డిగ్రీలను నిర్దేశించాయి. ఈ తేడానుబట్టే 1934 నాటి పెట్రోలియం చట్టం ఫ్లాష్ పాయింట్ 23 డిగ్రీలకు లోబడిన వాటిని ఎ తరగతిగా, 23 నుంచి 65 డిగ్రీలలోపు వాటిని బి తరగతిగా విభజించి, అమ్మకానికి కాక సొంతానికి ఉంచుకునే ఎ తరగతి ఇంధనం మొత్తం 30 లీటర్లు మించనంతవరకు లైసెన్సు అక్కరలేదని, లోహపు పాత్ర అయితే 25 లీటర్లకు, గాజు లేదా పింగాణీ వంటి పాత్ర అయితే ఒక లీటరుకు మించరాదని నిర్ణయించింది. డీజిలు వంటి బి తరగతికి ఆ పరిమితి 2,500 లీటర్లు, ఒక్కొక్క పాత్ర వెయ్యి లీటర్లు మించకూడదు. పలుచని ప్లాస్టిక్కు సీసాలకు ఆ వరుసలో చోటు లేదన్న సంగతి గమనింపదగినది.

పెట్రోలు ఆవిరి గాలిలో దాదాపు ఒకటిన్నర శాతానికి తక్కువగా ఉన్నా, ఏడున్నర శాతానికి ఎక్కువగా ఉన్నా అంటుకోదు. నిండు క్యానులో ద్రవంమీద ఉన్న కొద్దిపాటి చోటు ఆవిరితో ఎంత చిక్కగా నిండి ఉంటుందంటే, అక్కడ మంట నిలవడానికి తగిన గాలి ఉండదు. పంపు ఇంధనాన్ని తోడినకొద్దీ ఆ చోటులోకి బయటి గాలి వచ్చి చేరుతుంది. క్యాను ఖాళీ అయి, మిగిలిన తడి కూడా ఆరుతున్న దశలో మిశ్రమం సరిగ్గా ఆ పరిధిలోకి దిగవచ్చు. నిండు క్యానుకంటె ఖాళీ క్యాను ప్రమాదకరమన్న మాట వింతగా తోచినా దాని వెనుక ఉన్న లెక్క ఇదే, ఖాళీ పీపాకు వెల్డింగు చేయబోయి ప్రాణాలు పోగొట్టుకునేవారి సంగతికీ మూలం ఇదే. పైగా ఈ ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువైనది కనుక, పైకి ఎగిరిపోకుండా నేలను పట్టుకుని పల్లానికి పాకి, గుంటలలో, మెట్ల కింద, పడవ అడుగు అరలో నిలిచిపోతుంది. కొన్ని గజాల దూరంలో వెలుగుతున్న పొయ్యిని అది వెదుక్కుంటూ వెళ్ళినట్టే ఉంటుంది.

నిప్పురవ్వ బయటినుంచే రావాలన్న నియమం కూడా లేదు. పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు విద్యుత్తుకు చాలా బలహీనమైన వాహకాలు కావడం వల్ల, గొట్టం గోడలను ఒరుసుకుంటూ పోయేటప్పుడు వాటిలో పుట్టిన స్థిర విద్యుత్తు వెంటనే నేలకు దిగిపోదు. ధారను ఎత్తునుంచి పోసినప్పుడు, గరాటుకు గుడ్డ కట్టి వడగట్టినప్పుడు ఆ విద్యుత్తు మరింతగా పోగవుతుంది. అందుకే క్యానును ట్రాలీ మీద పరచిన రబ్బరు చాపపైన కాక నేలమీద దించి, లోహపు పాత్రలైతే రెండింటినీ ఒక తీగతో కలిపి, గొట్టం చివరను ట్యాంకు అడుగుదాకా దించి నింపాలంటారు. ఎండాకాలపు పొడిగాలిలో ఇది మరీ ముఖ్యం.

గొట్టాన్ని నోటితో పీల్చే అలవాటు గురించి వైద్యులు చెప్పేది వినదగినది. మింగిన ఇంధనం కడుపులో చేసే హానికంటె, దారితప్పి ఊపిరితిత్తులలోకి జారిన ఒక్క గుక్క చేసే హాని ఎక్కువ. ఈ ద్రవాల స్నిగ్ధత, అంటే జిగట, చాలా తక్కువ కావడం వల్ల అవి గాలితిత్తుల గోడలమీద క్షణాలలో పరుచుకుని, అక్కడి రక్షణ పొరను కరిగించి, కొన్ని గంటలలోనే న్యుమోనియా వంటి వాపును తెస్తాయి. వాంతి చేయిస్తే ద్రవం రెండవసారి గొంతు దాటవలసి వస్తుంది కనుక, కిరసనాయిలు తాగిన పిల్లలకు ఉప్పునీళ్ళు పట్టి కక్కించే పాత నాటువైద్యం మేలు చేయకపోగా కీడు చేస్తుంది. రోగిని ఆలస్యం లేకుండా ఆసుపత్రికి చేర్చడమే చేయదగినది. నొక్కితే చాలునన్న చిన్న రబ్బరు ఉబ్బు ఈ ప్రమాదాన్ని మొత్తంగా తప్పిస్తుందంటే, దాని ధరను లెక్కపెట్టడం అనవసరం.

బ్యాటరీకి తగిలించి క్యానులోకి దించే 12 వోల్టుల పంపులు కూడా విరివిగా దొరుకుతున్నాయి. డీజిలుకూ కిరసనాయిలుకూ అవి పనికివస్తాయి. పెట్రోలుకు ప్రత్యేకించి తయారైనది కాకపోతే వాటిని ఆ దరిదాపులకు తేకూడదు. మోటారులోని కార్బను బ్రష్షులు తిరిగే భాగాన్ని ఒరుసుకునేచోట ఎడతెగని రవ్వలు పుడతాయి, బ్యాటరీ మొనకు క్లిప్పు తగిలించేటప్పుడు కూడా రవ్వ ఎగురుతుంది. కనుక క్యాను మూత తెరవకముందే తీగలు కలుపుకుని, స్విచ్చిని క్యానుకు దూరంగా ఉంచుకోవడం పద్ధతి.

నిలవ ఇంధనంలో అడుగుకు చేరేది నీరు, తుప్పు, ఇసుక. రాత్రి చల్లదనానికి సగం ఖాళీ క్యాను గోడల లోపల చెమర్చిన నీరు, ఇంధనంకంటె బరువైనది కనుక, కిందికి దిగుతుంది. డీజిలులో ఆ నీటి అంచున సూక్ష్మజీవులు పెరిగి జిగురు పొరగా మారి ఫిల్టరును మూసివేస్తాయి. పంపు గొట్టాన్ని అడుగుకు ఆనించకుండా రెండు మూడు వేళ్ళ మందం పైన నిలిపితే అడుగున కొంత ఇంధనం క్యానులో ఉండిపోవచ్చు గాని, ఇంజను బాగు చేయించే ఖర్చుతో పోల్చితే అది నష్టం కాదు. దేశంలో 2023 నుంచి అమ్మకానికి వచ్చిన, 20 శాతం ఎథనాలు కలిసిన పెట్రోలు ఈ విషయంలో మరొక తీరుగా ప్రవర్తిస్తుంది: ఎథనాలు తేమను తనలో కలుపుకుంటూ పోయి, తేమ హద్దు మీరినప్పుడు నీటితో సహా పెట్రోలునుంచి విడివడి అడుగున వేరే పొరగా నిలుస్తుంది. అటువంటి పెట్రోలును నెలల తరబడి నిలవ ఉంచడం తగదు. సహజ రబ్బరు ఏ పెట్రోలులోనైనా ఉబ్బి మెత్తబడుతుంది కనుక, నైట్రైల్ వంటి నూనెకు ఓర్చే కృత్రిమ రబ్బరుతో చేసిన ఉబ్బును, గొట్టాన్ని ఎంచుకోవాలి. కొన్నాళ్ళకే జిగురుగా మారిన పంపు తాను తోడిన ఇంధనంలోకి తనను తాను కొద్దికొద్దిగా కరిగించి పంపుతున్నదని గుర్తించాలి.

పని ముగిసిన తరువాత తలమీది మర విప్పి, గొట్టం రెండు చివరలనూ క్యానుకు పైగా ఎత్తి పట్టి, లోపల మిగిలినది తిరిగి క్యానులోకి జారేదాకా ఆగడానికి అర నిమిషం చాలుతుంది. పెట్రోలుకు వాడిన పంపును డీజిలుకూ, కిరసనాయిలుకూ వాడకుండా వేరువేరు రంగుల దారం కట్టి ఉంచుకునేవారున్నారు. స్టవ్వులో పోసే కిరసనాయిలులో గొట్టంలో మిగిలిన పెట్రోలు కొద్దిగా కలిసినా దాని ఫ్లాష్ పాయింట్ అమాంతం పడిపోతుంది గనుక ఆ దారం చాదస్తం కాదు. కారినది తుడిచిన గుడ్డను మూలకు విసిరివేయకుండా ఆరుబయట విప్పి ఆరవేసి, పంపును సంచిలో మూటగట్టకుండా గాలి తగిలేచోట, పిల్లలకు అందని ఎత్తున, ఉబ్బు పైకీ గొట్టాలు కిందికీ ఉండేలా వేలాడదీస్తే, లోపలి చివరి చుక్క కూడా ఆరిపోయి మరుసటి అవసరానికి కవాటాలు అంటుకుపోకుండా సిద్ధంగా ఉంటాయి.